కార్డు అడుగున రెండు వరుసలు

ఫిబ్రవరి 3

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులు దాటింది. ఆలస్యం చేశానని అలగకు, మంచి కబురు చేతికొచ్చాకే రాద్దామని ఆగాను. మా బుజ్జి పెళ్లి ఖాయమైంది, మే పదకొండున. పిల్లవాడు నువ్వు చూసినవాడే, కుట్టుమిషన్లు బాగుచేసే అబ్బాయి. పోయినేడు నువ్వొచ్చినప్పుడు మెట్లమీద కూర్చుని నా మిషన్ విప్పి నూనె వేశాడే, అతనే. "ఒక్క మిషన్ కోసం మనిషి ఇన్నిసార్లు రాడు" అని నువ్వు అప్పుడే అన్నావు. చెవులు మందగించాక నీ కళ్లకి పదునొచ్చింది.

ఫోన్ చేసి చెప్పేదాన్నే. ఫోన్లో నీకు సగం వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే కాగితం.

నీతో రెండు పనులున్నాయి. ఒకటి, కార్డులు మీ ప్రెస్సులోనే వేయించాలి. రెండువందల యాభై చాలు. రెండోది కాస్త ఇబ్బందైన పని. బుజ్జి ఇప్పటికీ బట్టలకొట్టు వరండాలో ఒక మూల కూర్చునే కుడుతోంది. చినుకు పడితే కుట్టిన బట్టలన్నీ గుండెలకి హత్తుకుని లోపలికి పరుగు. ఆ వీధి చివర ఒక గది ఖాళీ అవుతోంది. అడ్వాన్సు కడితే ఇద్దరూ అందులోనే పని పెట్టుకుంటారు. సగం వాళ్లే కూడబెట్టారు. మే నెలాఖరు దాకా ఆగుతానన్నాడు గది యజమాని. అందుకని, పెళ్లికి వచ్చేవాళ్లని సామాన్లు వద్దు, డబ్బే ఇవ్వమని కార్డులో మర్యాదగా అడగాలంటున్నారు పిల్లలు. నా పెళ్లికి ఆరు గోడగడియారాలు వచ్చాయి, గుర్తుందా? ఆరూ ఆరు టైములు చూపించేవి.

నేను రాస్తే బాకీ వసూలుకి వచ్చినట్టుంటుంది. నువ్వు ముప్పై ఏళ్లుగా కార్డులు దిద్దుతున్నావు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా నువ్వే రాయి.

ఇంకొక్క మాట. మావయ్య దగ్గర పెట్టె సంగతి ఎత్తకు. ఆయనకీ అందరికిచ్చే కార్డే ఇవ్వు.

బావని మోకాళ్ల మందు మానొద్దని చెప్పు.

చెల్లి

*

ఫిబ్రవరి 11

చెల్లీ,

నీ కబురు చదివి ముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత మీ బావకి చదివి వినిపించాను. "మెట్లమీద కుర్రాడేనా? పనిమంతుడు" అన్నారు. ఆయన నోటివెంట అంత మెప్పు రావడం ఈ ఏడాదిలో ఇదే మొదలు.

ఆ రెండు వరుసలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నా సంగతి నీకు తెలుసు. బస్సులో కండక్టరు చిల్లర తిరిగివ్వకపోయినా అడగలేను, దిగిపోయి దేవుడికి చెప్పుకుంటాను. అలాంటిదాన్ని రెండువందల యాభై ఇళ్లని ఒకేసారి అడగమన్నావు.

మొదట "మీ రాకే మాకు బహుమతి" అని రాశాను. మా ఓనరు చూసి, "అమ్మా, ఆ ముక్క ఈ ప్రెస్సులో వెయ్యి కార్డుల మీద వేశాం. వెయ్యి పెళ్లిళ్లకీ గడియారాలే వెళ్లాయి" అన్నాడు. తర్వాత "బహుమతులకు బదులు నగదు మాత్రమే ఇవ్వగలరు" అని రాశాను. అది కరెంటు బిల్లు కౌంటరు దగ్గర అంటించిన నోటీసులా ఉందని అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు నవ్వాడు. ఆఖరికి ఇలా కుదిరింది:

"బహుమతి ఇవ్వదలచినవారు దాన్ని పిల్లల కుట్టుపని గదికోసం డబ్బుగా ఇస్తే ఎంతో సాయం.
ఖాళీ చేతులతో వచ్చినా అంతే సంతోషం, భోజనం మాత్రం చేసి వెళ్లాలి."

కార్డు అడుగున చిన్న అక్షరాల్లో వేస్తాం. బుజ్జికి చూపించి ఎలా ఉందో రాయి.

మావయ్య విషయం నాకు అర్థం కాలేదు. పెళ్లని తెలియగానే ఆయన చెక్క చూసి పెట్టుకున్నాడు. ఆదివారం వచ్చి, "బుజ్జి ఎంత ఎత్తు ఎదిగిందే?" అని అడిగాడు, పెట్టె మూత వంగకుండా తెరవాలట. నా పెళ్లికీ చేశాడు, నీ పెళ్లికీ చేశాడు. నా పెట్టె ఇప్పటికీ మంచం పక్కనే ఉంది, దుప్పట్లన్నీ అందులోనే. అమ్మ పోయాక ఆ వడ్రంగం మీదే కదా మనిద్దర్నీ పెంచాడు. ఆయన చెక్క కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకోవడానికి మనం కొట్టుకునేవాళ్లం. ఎప్పుడూ నువ్వే గెలిచేదానివి. మరి ఆయన చేతిపని ఎందుకు వద్దు?

అక్క

*

ఫిబ్రవరి 20

అక్కా,

వరుసలు బాగున్నాయి. బుజ్జి రెండుసార్లు చదివి, "పెద్దమ్మ అడిగితే నేనే ఇచ్చేసేలా ఉన్నాను" అంది. మార్చాల్సిందేమీ లేదు, అలాగే వేయించు.

పెట్టె వద్దు. వాళ్లుండేది ఒకే గది, మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. చోటు లేదు, అంతే. మావయ్యకీ ఆ కార్డే ఇస్తే ఆయనకే అర్థమవుతుంది, మనం నోటితో చెప్పక్కర్లేదు. దీని గురించి మళ్లీ మళ్లీ రాయకు.

మండపం వాడు కుర్చీలకి వేరే అద్దె అంటున్నాడు. నిలబెట్టి భోజనాలు పెడతామనుకున్నాడేమో. రేపు మీ మరిది వెళ్లి మాట్లాడతారు.

చెల్లి

*

మార్చి 9

చెల్లీ,

కార్డులు పార్సెల్లో పంపాను. ఈ ఊళ్లోవాళ్లవి నేనే పంచుతాను. అక్షరం తప్పు లేదు, నేను మూడుసార్లు చూశాను, మీ బావ ఒకసారి చూశారు.

నీకొకటి చెప్పాలి. చెప్పకుండా ఉంటే నాకు నిద్రపట్టదు. రెండువందల నలభై అయిదు పడ్డాక మెషిన్ ఆపమన్నాను. పలకలోంచి ఆ రెండు వరుసల అక్షరాలు తీయించి, ఆ చోటు ఖాళీగా ఉంచి, మిగతా అయిదు కార్డులు వేయించాను. నీకు చదువు చెప్పిన టీచరమ్మకి ఒకటి, ఆమె పింఛను మందులకే చాలదు. మన పాత ఇంటి పక్క పాలవ్వకి ఒకటి. ఇంకా ఇద్దరు పెద్దవాళ్లకి. అయిదోది మావయ్యకి. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పనులు పెద్దగా రావడం లేదు. లేని మనిషిని డబ్బడగడానికి నాకు నోరు రాలేదు, కార్డు చేత అడిగించడానికి కూడా. నీ మాట కాదన్నట్టూ కాదు, ఆయన్ని చిన్నబుచ్చినట్టూ కాదు అనుకున్నాను.

కార్డు చేతికివ్వగానే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బావుంది" అన్నాడు. మళ్లీ చూశాడు. నేను టీ తాగి వచ్చేశాను. పెట్టె మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీమీద కోపం లేదు. కానీ చోటు లేదన్న మాట నా మనసుకి ఎక్కలేదు.

అక్క

*

ఏప్రిల్ 2

అక్కా,

నీ రెండు వరుసలు బాగానే పనిచేస్తున్నాయి. బట్టలకొట్టు ఓనరమ్మ, "హమ్మయ్య, ఏం కొనాలా అని తల బద్దలు కొట్టుకునే పని తప్పింది" అంది. మా ఆడపడుచు మాత్రం ఫోన్ చేసి, "డబ్బూ ఇస్తాం, గడియారం కూడా ఇస్తాం, ముందే కొనేశాం వదినా" అంది. ఇంకొకాయన ఎంత ఇస్తే బాగుంటుందో కార్డులో వేయలేదేమని అడిగాడు. మీ మరిది నవ్వి, భోజనం ఎంత తింటారో కూడా వేయలేదు కదండీ అన్నారు.

అదలా ఉంచు. నిన్న మావయ్య దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఒకటే ముక్క. "ఒంట్లో బాగాలేదు, పెళ్లికి రాలేను, పిల్లలకి నా ఆశీస్సులు." అంతే. సంతకం దగ్గర పేరు కూడా పూర్తిగా లేదు. బుజ్జి చదివి కూర్చుండిపోయింది. "తాతయ్య లేకుండా నేను మండపంలోకి ఎలా వస్తానమ్మా, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొస్తానని చిన్నప్పటినుంచీ చెప్పాడు కదా" అంది.

నువ్వు ఆయనకి చెప్పేశావు కదూ, పెట్టె నేనే వద్దన్నానని? నీకు అబద్ధం ఆడటం రాదని తెలుసు. కానీ ఒక్క నెల ఊరుకోవడం కూడా రాదా అక్కా? నా తరఫున మంచిచెడ్డలు నువ్వే చూస్తున్నావనుకుని నేను అడగని పని కూడా చేశావు, అయిదు కార్డులు వేరే వేయించి.

ఆయనకి నిజంగా ఒంట్లో బాగాలేదా? వెంటనే వెళ్లి చూసి రాయి.

చెల్లి

*

ఏప్రిల్ 9

చెల్లీ,

మావయ్య ఒంట్లో బాగానే ఉన్నాడు. నేను వెళ్లేసరికి పనిపాకలో బల్లకి నునుపు పెడుతున్నాడు. నన్ను చూసి చేతిలో పని ఆపలేదు.

పెట్టె గురించి నేనేమీ చెప్పలేదు. జరిగింది వేరు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాస్తాను.

"ఈ కార్డు మీ ప్రెస్సులోనే వేశారా?" అన్నాడు.

"అవును మావయ్యా."

జేబులోంచి టేపు తీశాడు. "పైన ముప్పావు అంగుళం వదిలారు. పక్కల ముప్పావు. అడుగున రెండంగుళాలు. ఇలాంటి పని చేస్తే మీ ఓనరు జీతం ఇస్తాడా నీకు?"

టేపు చుట్టి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఇచ్చిన రోజే అనుకున్నాను, ఇక్కడేదో ఉండాలి, పీకేశారు అని. చెక్కలో మేకు తీసేస్తే చిల్లు ఉండదా మరి. కటింగుషాపాయన దగ్గరికెళ్లి ఆయన కార్డు అడిగి చూశాను. రెండు వరుసలున్నాయి. వాడి దగ్గర అడిగారు. ఇస్త్రీబండి మనిషి దగ్గర అడిగారు. నా దగ్గర అడగలేదు. వీడి దగ్గర ఏముందిలే అని అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు. టీచరమ్మ కార్డూ చూశాను, నాదానిలాగే ఖాళీ. నన్ను ఆవిడ కట్టలో కట్టారు."

అది నేనొక్కదాన్నే చేశానని చెప్పాను. "నువ్వు చేస్తే నాకింకా బాధ" అన్నాడు. "పెంచినవాడిని దానధర్మాల లెక్కలో వేశావు." అని తలుపు దగ్గరికి వేశాడు. విసురుగా కూడా కాదు. విసురుగా వేసినా బాగుండేది.

నేను చేసింది తప్పే. నాకు అడగడం చేతకాక, దానికి దయ అని పేరు పెట్టుకున్నాను. రోజూ దేవుడి ముందు అదే చెప్పుకుంటున్నాను. కానీ చెల్లీ, నీ పాలు కూడా ఉంది. ఆయన చేతిపనిని నువ్వు వద్దనకపోతే కార్డు గొడవే లేదు, ఆయన పెట్టె ఆయన చేసుకునేవాడు. పిల్లల గదికి ఆ పెట్టె నప్పదనుకున్నావు, నాకు అర్థమైంది. కొత్త బీరువా పక్కన పాతకాలపు పెట్టె ఏమిటని సిగ్గుపడ్డావు. నీ ఇంటికి ఈ పదిహేనేళ్లలో నేను వచ్చిన మూడుసార్లూ నీ పెట్టె కూడా నాకు కనబడలేదు. అత్తగారింట్లో ఉందన్నావు. అక్కడైనా ఎవరైనా వాడుతున్నారా?

అక్క

*

ఏప్రిల్ 15

అక్కా,

నా పెట్టె అత్తగారింట్లో లేదు. ఎక్కడుందో నాకు తెలియదు. దాన్ని అమ్మేశాను.

బుజ్జికి నాలుగేళ్లప్పుడు జ్వరంతో పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది కదా. అప్పుడు మీ మరిదికి పని లేదు. నీకు చెప్తే నువ్వు నీ గాజులు తీసిస్తావని తెలుసు, అందుకే బాగానే సర్దుకుంటున్నాం అని రాశాను. గాజులు నా దగ్గర అప్పటికే లేవు. ఇంట్లో ధర పలికేది ఆ పెట్టె ఒక్కటే. పాతసామాన్ల వ్యాపారి వచ్చి మూత తెరిచి మూసి చూశాడు. అది మూసేటప్పుడు కిర్రుమంటుంది, గుర్తుందా? దానికి కూడా కొంత తగ్గించాడు. నేను బేరమాడలేదు. బండి మీద వెళ్తుంటే కిటికీ వేసేసుకున్నాను.

ఆ మందులతోనే బుజ్జి లేచింది. అమ్మినందుకు నేను బాధపడలేదు. తర్వాత అబద్ధమాడాను చూడు, అదే నన్ను తింటోంది. మావయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఆయన అడగకుండానే అత్తగారింట్లో పెట్టామని చెప్పాను. చెప్పాక దాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. పంతొమ్మిదేళ్లు.

ఇప్పుడు బుజ్జికి పెట్టె చేసిస్తే, తెచ్చినవాడు ఏమంటాడు? మీ అమ్మ పెట్టె పక్కన పెట్టి చూద్దాం, ఏది బాగా కుదిరిందో అంటాడు. నేనేం చూపించను? సామాన్లు వద్దు, డబ్బు చాలు అని పిల్లలు అనగానే, ఇదే దారి అనుకున్నాను. పిల్లల అవసరం నిజమే. దాని వెనక నేను దాక్కున్నది కూడా నిజమే.

ఆయన చేతిపనంటే నాకు సిగ్గని రాశావు. ఆ మాట చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. కానీ అలా అనుకునేలా చేసింది నేనే.

ఈ ఉత్తరం ఆయనకి చూపిస్తావో లేదో నీ ఇష్టం. బుజ్జి మాత్రం రోజూ అడుగుతోంది, తాతయ్య వస్తున్నాడా అని.

చెల్లి

*

ఏప్రిల్ 22

నా చిట్టిచెల్లీ,

ముందు నన్ను క్షమించు. పదిహేడు రోజులు నువ్వు ఆసుపత్రిలో ఉంటే నేను పండ్లబుట్ట పంపి ఊరుకున్నాను. సర్దుకుంటున్నాం అని రాస్తే నమ్మడం నాకు సులువైంది.

ఉత్తరం ఆయనకి చూపించాలా వద్దా అని రెండు రోజులు ప్రార్థన చేసుకున్నాను. అవుననీ అనిపించలేదు, కాదనీ అనిపించలేదు. మూడోరోజు పట్టుకెళ్లాను. తలుపు తీసి ఉంది. ఆయన కళ్లజోడు కనబడకపోతే నేనే చదివాను. నువ్వు కిటికీ వేసుకున్న చోట కాస్త ఆగాల్సి వచ్చింది.

అంతా విని, "ఇదా?" అన్నాడు. "ఇది నాకు తెలుసుగా."

నాకు సరిగా వినపడలేదనుకున్నాను. ఆయన గొంతు పెంచాడు. ఇక అక్కణ్నుంచి చెప్పిందంతా నాతోపాటు వీధి కూడా విన్నది.

ఆ వ్యాపారి మీ ఊళ్లో కొన్న సరుకు అక్కడ అమ్మడట, ఈ ఊరు తెచ్చి అమ్ముతాడట. మూత కిర్రుమంటోందని దాని మడతబందులు సరిచేయడానికి పిలిచింది మావయ్యనే. వెళ్లి మూత ఎత్తగానే తన పని తను గుర్తుపట్టాడు. మూత లోపలి వైపు నీ పెళ్లి తారీకు పెన్సిలుతో రాసి ఉందట. నీకు ఆ సంగతి తెలుసా? నాకు తెలియదు. ఇంటికి రాగానే నా పెట్టె మూత చూశాను. నాదీ ఉంది.

"మరి ఏం చేశావు మావయ్యా?" అన్నాను.

"ఏం చేస్తాను? బందులు సరిచేశాను. కూలీ తీసుకున్నాను. అమ్ముడుపోవాలి కదా మరి. వెనక్కి కొందామంటే అంత నా దగ్గర లేదు. పిల్లకి ఏదో కష్టమొచ్చిందని అర్థమై, ఆ వారమే బండెక్కి వెళ్లాను. పాప అప్పటికి లేచి ఆడుకుంటోంది. ఇంక నేనడగడానికి ఏముంది? పెట్టె గురించి నేను నోరెత్తలేదు. నీ చెల్లెలే గడగడా చెప్పింది, అత్తగారింట్లో ఉందని. సరే అన్నాను. అవసరానికి అక్కరకొచ్చింది, ఇంక దాని పని అయిపోయింది. ఊరికే దుప్పట్లు మోసే పెట్టెకన్నా అదే నయం."

నా పెట్టెని అన్నాడని నేనేమీ అనుకోలేదు.

తర్వాత, "నాకా కార్డు కావాలి" అన్నాడు. "ఏ కార్డు?" అంటే, "అందరికీ ఇచ్చిన కార్డు. రెండు వరుసలున్నది. ఊళ్లో అందరినీ అడిగి ఇంట్లోవాడిని అడగకపోతే నేను ఏ మొహం పెట్టుకుని రాను?" అన్నాడు.

కార్డులు ఒక్కటి కూడా మిగల్లేదు. అచ్చు విప్పి అక్షరాలన్నీ గళ్లలో వేసేశారు. ఆ మాటే చెప్పాను. ఆయన తన కార్డు తెచ్చి బల్లమీద పెట్టి, చెవి పక్కనుంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు. ఆ ఖాళీలో నా చేత్తో రెండు వరుసలూ రాశాను. చెల్లీ, జన్మలో మొదటిసారి ఒక మనిషిని ఎదురుగా నిలబడి డబ్బడిగాను. ఆయన టేపు పెట్టి చూసి, "ఇప్పుడు అడుగునా ముప్పావే" అన్నాడు. కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెళ్లికి వస్తున్నాడు. పెట్టె చేయడట. అందరిలాగే కవరు ఇస్తాడట. కానీ నీకు చెప్పమన్న మాట ఒకటుంది. "గది చేతికొచ్చాక బట్ట కత్తిరించే బల్ల కావాలి కదా, అది బజార్లో కొన్నారని తెలిస్తే ఊరుకోను. కొలతలు పంపమను. అది కానుక కాదు, కూలీ తీసుకుంటాను."

బుజ్జికి చెప్పు, తాతయ్య మే పదో తారీకు పొద్దుటి బండికి వస్తున్నాడని.

అక్క

*

జూన్ 1

అక్కా,

పెళ్లిలో నీతో కూర్చుని మాట్లాడే తీరికే దొరకలేదు. మావయ్యకి వడ్డించేటప్పుడు ఏదో ఒకటి అందామని దగ్గరికి వెళ్లాను. ఆయన తల ఎత్తకుండానే, "కార్డులో భోజనం చేసి వెళ్లమన్నారు, చేస్తున్నాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఇంకో గరిటె వడ్డించాను.

కవర్లన్నీ పిల్లలిద్దరూ కూర్చుని విప్పారు. అడ్వాన్సుకి కొద్దిగా తక్కువైంది, అది మీ మరిది సర్దారు. గడియారాలు రెండే వచ్చాయి. ఒకటి గదిలో పెడతారు, రెండోది ఆడపడుచు వచ్చినప్పుడు బయటకి తీస్తాం. మావయ్య కవరులో ఎంతుందో నీకు కూడా చెప్పను. ఆయన అందరిలాగే ఇచ్చాడు.

నిన్న సాయంత్రం గది తాళంచెవి బుజ్జి చేతికి వచ్చింది. రాగానే కొలతలు తీశాం. మావయ్యకి చదివి వినిపించు.

గది పొడవు పదకొండడుగుల నాలుగంగుళాలు. వెడల్పు ఎనిమిదిన్నర. తలుపు రెండుముప్పావు అడుగులే, అందుకని బల్ల లోపలే బిగించాలి. కిటికీ ఎడమచేతి వైపు, నేలనుంచి మూడడుగుల ఎత్తులో. బల్ల దాని కింద వేస్తే వెలుతురు బట్టమీద పడుతుందని బుజ్జి అంటోంది. బుజ్జి నిలబడితే నేలనుంచి మోచేతికి ముప్పై తొమ్మిదంగుళాలు. కూలీ ఎంతో ముందే చెప్పమను, అల్లుడు బేరమాడతాడట.

బల్ల అడుగున, ఎవరికీ కనబడని చోట, తారీకు రాయమను.

కొలిచింది బుజ్జి. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.

చెల్లి